సక్షన్ అక్యుములేటర్: ఎప్పుడు కావాలి, ఏది ఎంచుకోవాలి

సక్షన్ అక్యుములేటర్ అంటే ఏసీ, ఫ్రీజర్ లాంటి యంత్రాల్లో కంప్రెసర్‌కి గ్యాస్ తిరిగొచ్చే పైపు (సక్షన్ పైపు) మీద పెట్టే ట్యాంకు. ఆవిరితో పాటు లిక్విడ్‌గా వచ్చే రిఫ్రిజరెంట్‌ని, అంటే చల్లదనం ఇచ్చే గ్యాస్‌ని, అది పట్టి ఆపుతుంది. దాన్ని కొనేవాళ్లలో చాలామంది చెప్పే కొలత ఒక్కటే, సక్షన్ పైపు సైజు. "మాది 7/8 అంగుళం పైపు, దానికి సరిపోయేది ఇవ్వండి" అంటారు. అలా తెచ్చిన ట్యాంకు పైపుకి చక్కగా అతుకుతుంది. కంప్రెసర్‌ని కాపాడుతుందా అంటే మాత్రం చెప్పలేం. తేల్చుకోవాల్సిన సంగతి వేరే ఉంది. కంప్రెసర్‌కి లిక్విడ్ ఎప్పుడు వస్తోంది, ఎక్కడి నుంచి వస్తోంది, ఒక్కసారిగా ఎంత వస్తోంది? ఈ మూడింటికీ జవాబు దొరికితే ట్యాంకు రకం, సైజు దాదాపు తేలిపోయినట్టే. ఒక్కోసారి అక్యుములేటర్ అక్కర్లేదని, పెట్టినా లాభం లేదని కూడా తేలుతుంది.

లిక్విడ్ ఎలా వస్తుంది?

కంప్రెసర్ ఆవిరిని నొక్కడానికి తయారైన యంత్రం. లిక్విడ్ నొక్కుడుకి లొంగదు. సిలిండర్‌లోకి ఒక్కసారిగా ముద్దలా వచ్చి పడితే వాల్వ్ రీడ్‌లు విరుగుతాయి, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, గ్యాస్కెట్ ఎగిరిపోతుంది. దీన్నే స్లగ్గింగ్ అంటారు. శబ్దం వినిపిస్తుంది కాబట్టి అందరికీ తెలిసిన ప్రమాదం ఇది.

ఇంతకన్నా ఎక్కువ కంప్రెసర్లను తినేసేది ఫ్లడ్‌బ్యాక్. యంత్రం నడుస్తున్నంతసేపూ లిక్విడ్ కొద్దికొద్దిగా వస్తూనే ఉంటుంది, శబ్దం ఏమీ రాదు. ఆ లిక్విడ్ ఆయిల్‌లో కలిసి దాన్ని పలచబరుస్తుంది. బేరింగుల మీద ఆయిల్ పొర నిలవదు. నెలల తర్వాత కంప్రెసర్ జామ్ అవుతుంది, లేదా రోటర్ కిందికి వాలి స్టేటర్‌కి రాసుకుని వైండింగ్ కాలిపోతుంది. అప్పుడు అందరూ కరెంటు తప్పని అనుకుంటారు.

మూడోది మైగ్రేషన్. యంత్రం ఆగి ఉన్నప్పుడు రిఫ్రిజరెంట్ ఆవిరి రూపంలోనే వెళ్లి, అన్నిటికన్నా చల్లగా ఉన్న చోట చేరి లిక్విడ్ అవుతుంది. బయట చలిలో ఉన్న కంప్రెసర్ దానికి అనువైన చోటు. పైగా ఆయిల్ రిఫ్రిజరెంట్‌ని పీల్చుకుంటుంది. మళ్లీ స్టార్ట్ చేయగానే లోపలి ప్రెషర్ పడిపోయి ఆయిల్ నురగ కట్టి, కంప్రెసర్ నుంచి బయటికి పోయే డిశ్చార్జ్ లైన్‌లోకి కొట్టుకుపోతుంది.

అక్యుములేటర్ ఈ మూడింటిలో మొదటిదానికి గట్టి కాపలా. రెండోదానికి కొంతవరకు అడ్డం పడుతుంది. మూడోదాన్ని దాదాపు ఆపలేదు, ఎందుకంటే ఆవిరి ట్యాంకులోంచి నిక్షేపంగా దాటిపోయి కంప్రెసర్ లోపలే చల్లబడుతుంది. మైగ్రేషన్ బాధ ఉన్నచోట ఎంత పెద్ద ట్యాంకు పెట్టినా డబ్బు దండగ. అక్కడ కావాల్సింది క్రాంక్‌కేస్ హీటర్ (కంప్రెసర్ అడుగున ఆయిల్‌ని వెచ్చగా ఉంచేది), లేదా పంప్‌డౌన్ (ఆగే ముందు సక్షన్ వైపున్న గ్యాస్‌ని లాగేసి కండెన్సర్ వైపు దాచడం), వీలైతే రెండూ.

లోపల జరిగేది

ట్యాంకులోకి వచ్చిన మిశ్రమం వేగం ఒక్కసారిగా తగ్గుతుంది. బరువైన లిక్విడ్, ఆయిల్ అడుగుకి చేరతాయి. లోపల యు ఆకారంలో వంచిన గొట్టం ఉంటుంది. దాని ఒక కొస ట్యాంకు పైభాగంలో తెరుచుకుని ఉంటుంది కాబట్టి ఆవిరి మాత్రమే అందులోకి వెళ్లి, కిందికి దిగి, మళ్లీ పైకెక్కి కంప్రెసర్‌కి పోతుంది. ఆ వంపు అడుగున చిన్న రంధ్రం ఉంటుంది, చాలా మోడళ్లలో సుమారు ఒక మిల్లీమీటరు. ఆవిరి వేగంగా పోయేటప్పుడు ఆ రంధ్రం గుండా ఆయిల్, దాంతో పాటు కొంచెం లిక్విడ్ గొట్టంలోకి వెళ్లి సన్నటి తుంపరగా కంప్రెసర్‌కి చేరుతుంది. అలా కొలత ప్రకారం వచ్చే లిక్విడ్‌తో ప్రమాదం లేదు.

మొత్తం పనితనం ఆ రంధ్రంలోనే ఉంది. అది మూసుకుపోతే ఆయిల్ ట్యాంకులోనే ఉండిపోతుంది, కంప్రెసర్ ఆయిల్ లేక చస్తుంది. అందుకే మంచి ట్యాంకుల్లో దాని చుట్టూ సన్నటి జాలీ ఉంటుంది. జాలీ లేని ట్యాంకు ఎంత చవకగా వచ్చినా తీసుకోవద్దని నా సలహా. గొట్టం బయటికి వెళ్లే వైపు, పైభాగంలో ఇంకో చిన్న రంధ్రం కూడా ఉండాలి. యంత్రం ఆగినప్పుడు లిక్విడ్ సైఫన్‌లా కంప్రెసర్‌లోకి జారకుండా అది ఆపుతుంది. కంప్రెసర్ ట్యాంకు కన్నా కిందున్న చోట ఇది మరీ ముఖ్యం.

ఎవరికి తప్పనిసరి, ఎవరికి అక్కర్లేదు

హీట్ పంప్‌కి, అంటే ఏసీలాగే ఉండి చలికాలంలో గదిని వెచ్చబరిచే యంత్రానికి, తప్పనిసరి అనే చెబుతాను. డీఫ్రాస్ట్ (బయటి కాయిల్ మీది మంచు కరిగించడం) మొదలైనప్పుడు ఏం జరుగుతుందో చూడండి. అప్పటిదాకా ఇండోర్ కాయిల్ కండెన్సర్‌గా (గ్యాస్ వేడి వదిలి లిక్విడ్ అయ్యే చోటుగా) పనిచేస్తూ లిక్విడ్‌తో నిండి ఉంటుంది. గ్యాస్ దారి మార్చే రివర్సింగ్ వాల్వ్ తిరగగానే అదే కాయిల్ సక్షన్ వైపు వచ్చేస్తుంది. అందులో ఉన్నదంతా కంప్రెసర్ మీదికి దూకుతుంది. డీఫ్రాస్ట్ అయిపోయి వాల్వ్ మళ్లీ తిరిగినప్పుడు, ఈసారి అవుట్‌డోర్ కాయిల్ మీద గడ్డకట్టిన మంచును కరిగిస్తూ ఆ కాయిల్ లోపల పోగైన లిక్విడ్ వంతు. అంటే ఒక్కో డీఫ్రాస్ట్‌కి రెండు దెబ్బలు. చలి, తేమ ఉన్న వాతావరణంలో ఇది రోజుకి ఎన్నోసార్లు జరుగుతుంది. పైగా మామూలుగా అవుట్‌డోర్ కాయిల్ పెద్దది, ఇండోర్ కాయిల్ చిన్నది కాబట్టి కూలింగ్‌కి కావాల్సినంత గ్యాస్ హీటింగ్‌కి అక్కర్లేదు. మిగిలిన గ్యాస్ ఎక్కడో ఒకచోట ఉండాలి, అక్యుములేటర్ దానికి గోదాములా కూడా పనికొస్తుంది.

హాట్ గ్యాస్ డీఫ్రాస్ట్ ఉన్న కోల్డ్ రూములు, ఫ్రీజర్లు కూడా ఇదే కోవలోకి వస్తాయి. వేడి గ్యాస్ చల్లటి కాయిల్‌లో లిక్విడ్ అయి సక్షన్ లైన్‌లోకి తిరిగొస్తుంది. ఎలక్ట్రిక్ హీటర్‌తో డీఫ్రాస్ట్ చేసే రూములో అంత ప్రమాదం ఉండదు. అక్కడ లిక్విడ్ లైన్‌లో సోలినాయిడ్ (కరెంటుతో తెరుచుకునే, మూసుకునే వాల్వ్) పెట్టి పంప్‌డౌన్ చేస్తే సరిపోవచ్చు. ఒక్కో కండెన్సింగ్ యూనిట్‌కి ఒకే రూము, చిన్న పైపింగ్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ (చల్లటి కాయిల్‌లోకి ఎంత లిక్విడ్ పోవాలో కొలిచి వదిలేది) సరిగ్గా సెట్ అయి ఉంటే నేనైతే అక్యుములేటర్ కన్నా ముందు పంప్‌డౌన్, క్రాంక్‌కేస్ హీటర్‌కే ఖర్చుపెడతాను.

కూలింగ్ మాత్రమే చేసే చిన్న ఏసీల్లో రోటరీ కంప్రెసర్ పక్కన అతుక్కుని నిలబడి ఉండే చిన్న సిలిండరు అక్యుములేటరే. రోటరీలో సక్షన్ గ్యాస్ షెల్‌లోకి రాకుండా నేరుగా సిలిండర్‌లోకి పోతుంది, మధ్యలో ఆసరా ఏమీ ఉండదు, అందుకే తయారీలోనే దాన్ని పెడతారు. దాన్ని తీసేసి మామూలు పైపు అతికించే రిపేరు ఎప్పుడూ చేయించుకోవద్దు. స్క్రోల్ రకం కంప్రెసర్ (రెండు చుట్టల పలకల మధ్య గ్యాస్‌ని నొక్కేది) కొంచెం ఓర్చుకుంటుంది. దాని చాలా డిజైన్లలో లిక్విడ్ పడినప్పుడు స్క్రోల్ పలకలు కాస్త విడివడి దారిస్తాయి. అందుకే తక్కువ చార్జ్ (సిస్టమ్‌లో నింపిన గ్యాస్) ఉన్న స్క్రోల్ యూనిట్లకి తయారీదారులు అక్యుములేటర్ అడగరు, చార్జ్ ఒక హద్దు దాటితే అడుగుతారు. ఆ హద్దు ప్రతి మోడల్‌కీ వేరు, కంప్రెసర్ పత్రంలో ఉంటుంది. పిస్టన్లతో నడిచే రెసిప్రోకేటింగ్‌కి అంత ఓర్పు లేదు. సక్షన్ గ్యాస్ మోటారు మీదుగా పోయే సెమీ హెర్మెటిక్‌లో (మోటారు, కంప్రెసర్ బోల్టులు విప్పగలిగే ఒకే షెల్‌లో ఉండే రకం) లిక్విడ్ ముందు ఆయిల్‌ని, బేరింగులని దెబ్బతీస్తుంది. గ్యాస్ నేరుగా సిలిండర్ హెడ్‌కి పోయే రకంలో పిస్టన్లని, వాల్వ్‌లని దెబ్బతీస్తుంది.

ఎలక్ట్రానిక్ ఎక్స్‌పాన్షన్ వాల్వ్ ఉంటే అక్యుములేటర్ మానేయొచ్చా అని చాలామంది అడుగుతారు. నడుస్తున్నప్పుడు అది సూపర్‌హీట్‌ని (ఆవిరి మరిగే ఉష్ణోగ్రత కన్నా ఎన్ని డిగ్రీలు వేడిగా ఉందనే లెక్క) బాగానే పట్టి ఉంచుతుంది, నిజమే. కానీ స్టెప్పర్ మోటారుతో నడిచే వాల్వ్ కరెంటు పోతే ఏ స్థితిలో ఉందో అక్కడే ఆగిపోతుంది. సగం తెరిచి ఉన్నప్పుడు కరెంటు పోయిందనుకోండి, లిక్విడ్ నెమ్మదిగా ఎవాపరేటర్‌ని (చల్లదనం ఇచ్చే కాయిల్‌ని) నింపేస్తుంది. బ్యాటరీ బ్యాకప్ గానీ, లిక్విడ్ లైన్ సోలినాయిడ్ గానీ లేనప్పుడు ఆ ఒక్క వాల్వ్‌ని నమ్ముకోవడం నాకు ఇష్టం లేదు.

ఇంకొక మాట. కండెన్సర్ తర్వాత ఉండే రిసీవర్ కూడా మిగిలిన గ్యాస్‌ని దాస్తుంది కాబట్టి రెండూ ఒకటే అనుకునేవాళ్లున్నారు. రిసీవర్ హై సైడ్‌లో (ఎక్కువ ప్రెషర్ ఉండే వైపు) ఉంటుంది, సక్షన్‌లోకి వచ్చే లిక్విడ్‌కి దానితో సంబంధమే లేదు. కార్ల ఏసీల్లో ఈ తేడా తేటగా కనిపిస్తుంది. ఎక్స్‌పాన్షన్ వాల్వ్ ఉన్న కార్లలో లిక్విడ్ లైన్‌లో రిసీవర్ డ్రయర్ ఉంటుంది. వాల్వ్ బదులు మారని సన్న రంధ్రం, అంటే ఆరిఫిస్ ట్యూబ్ ఉన్న కార్లలో ఎవాపరేటర్ బయటికి వచ్చే చోట డ్రయర్ సంచీతో సహా అక్యుములేటర్ ఉంటుంది. ఫిక్స్‌డ్ ఆరిఫిస్ సూపర్‌హీట్‌ని పట్టించుకోదు కాబట్టి ఆ కాపలా అక్కడ అవసరం.

ఏ రకం?

నిలువుగా ఉండే మామూలు యు-గొట్టం ట్యాంకు చాలామందికి సరిపోతుంది. ఎత్తు చాలని చోట అడ్డంగా పెట్టే మోడల్ తీసుకుంటారు. అవి అందుకోసమే తయారైనవి కావాలి. నిలువు ట్యాంకుని పడుకోబెడితే లోపలి గొట్టం తెరిచిన కొస లిక్విడ్‌లో మునిగి, కాపాడాల్సిందే ముంచుతుంది.

హీట్ ఎక్స్‌చేంజర్ ఉన్న రకం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఇందులో కండెన్సర్ నుంచి వచ్చే వెచ్చటి లిక్విడ్ లైన్‌ని ట్యాంకులోంచి చుట్టలా తిప్పుతారు. ట్యాంకులో చేరిన లిక్విడ్ త్వరగా ఆవిరవుతుంది, లిక్విడ్ లైన్‌కి సబ్‌కూలింగ్ పెరుగుతుంది, అంటే అందులోని లిక్విడ్ ఇంకా చల్లబడుతుంది. ఫ్రీజర్లలో దీనికి ఇంకో లాభం ఉంది. మరీ తక్కువ ఉష్ణోగ్రతలో ఆయిల్ చిక్కబడుతుంది, కొన్ని ఆయిల్, గ్యాస్ జతల్లో రెండూ విడిపోయి ఆయిల్ లిక్విడ్ మీద తేలుతుంది. అడుగున ఉన్న రంధ్రానికి పైన తేలే ఆయిల్ అందదు. వేడి తగిలితే లిక్విడ్ ఎగిరిపోయి ఆయిల్ అడుగుకి దిగుతుంది.

అయితే ఆ వేడికి సక్షన్ గ్యాస్ కూడా వేడెక్కుతుంది, డిశ్చార్జ్ టెంపరేచర్ పెరుగుతుంది. ఆర్-134ఏ, ఆర్-404ఏ, ప్రొపేన్ రిఫ్రిజరెంట్లకి ఈ వేడి మార్పిడి మొత్తం మీద లాభమే. ఆర్-32, ఆర్-22, అమ్మోనియాలకి నష్టం. వీటికి డిశ్చార్జ్ అసలే వేడిగా ఉంటుంది. కంప్రెసర్ నుంచి 15 సెంటీమీటర్ల దూరంలో డిశ్చార్జ్ పైపు 107 డిగ్రీలు దాటుతోందంటే లోపల ఆయిల్ మాడే దారిలో ఉన్నట్టే. కాబట్టి ఆర్-32 హీట్ పంప్‌కి మామూలు ట్యాంకే మేలు, ఆర్-404ఏ ఫ్రీజర్‌కి హీట్ ఎక్స్‌చేంజర్ రకం మేలు. ఈ విషయంలో నాకు సందేహం లేదు.

అమ్మోనియా ప్లాంట్ల లెక్క వేరు. అమ్మోనియాలో ఆయిల్ కలవదు, పైగా దానికన్నా బరువైనది కాబట్టి అడుగుకి చేరుతుంది. అక్కడ పెద్ద స్టీల్ పాత్రలు, ఆయిల్ డ్రెయిన్లు ఉంటాయి. రాగి గొట్టం ఉన్న చిన్న ట్యాంకులకి అక్కడ చోటే లేదు.

సైజు ఎలా తేల్చాలి?

ముందు ఎంత లిక్విడ్ పట్టాలో చూడాలి. చాలాకాలంగా పాటిస్తున్న లెక్క ఇది: ఎక్స్‌పాన్షన్ వాల్వ్ ఉంటే మొత్తం చార్జ్‌లో కనీసం 50 శాతం, క్యాపిలరీ (వాల్వ్ బదులు వాడే సన్నటి గొట్టం) లేదా ఫిక్స్‌డ్ ఆరిఫిస్ ఉంటే 70 శాతం ట్యాంకులో పట్టాలి. 3 కిలోల ఆర్-410ఏ ఉన్న హీట్ పంప్ తీసుకుందాం. వాల్వ్ ఉంటే కిలోన్నర, ఫిక్స్‌డ్ ఆరిఫిస్ అయితే 2.1 కిలోలు. 0 డిగ్రీల దగ్గర ఆర్-410ఏ లిక్విడ్ లీటరుకి సుమారు 1.17 కిలోలు తూగుతుంది. అంటే మొదటిదానికి 1.3 లీటర్లు, రెండోదానికి 1.8 లీటర్లు. అదే కిలోన్నర ప్రొపేన్ అయితే లీటరుకి 0.53 కిలోలే కాబట్టి 2.8 లీటర్లు కావాలి. ఆర్-134ఏ అయితే లీటరుకి దాదాపు 1.3 కిలోలు, 1.2 లీటర్లలోపే పడుతుంది. గ్యాస్ మారితే ట్యాంకు మారుతుందని ఇందుకే అంటారు. ఈ లీటర్లు గొట్టం తెరిచిన కొసకి కింద పట్టే లెక్క, ట్యాంకు మొత్తం లెక్క కాదు. కేటలాగ్‌లో మీ గ్యాస్ పేరు కింద ఉన్న పట్టే సామర్థ్యాన్నే చూడండి.

పెద్దది పెడితే భద్రం కదా అనిపిస్తుంది. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. గొట్టంలో ఆవిరి వేగంగా పోతేనే ఆయిల్ పైకి లేస్తుంది. పెద్ద ట్యాంకుకి పెద్ద గొట్టం, అందులో వేగం తక్కువ, ఆయిల్ అక్కడే కూర్చుంటుంది. అందుకే కేటలాగ్‌లో గరిష్ఠ కూలింగ్ సామర్థ్యంతో పాటు కనిష్ఠ కూలింగ్ సామర్థ్యం కూడా ఇస్తారు. ఇన్వర్టర్ కంప్రెసర్ ఉన్నవాళ్లు ఈ రెండో అంకెని తప్పకుండా చూడాలి. ఫుల్ స్పీడులో సరిగ్గా ఉన్న ట్యాంకు, అర్ధరాత్రి అతి తక్కువ స్పీడులో గంటల తరబడి నడిచినప్పుడు ఆయిల్‌ని తిరిగి ఇవ్వకపోవచ్చు. కనిష్ఠ స్పీడులో కూలింగ్ ఆ అంకె కన్నా కిందికి పోతుంటే ట్యాంకు మార్చండి, లేదా అప్పుడప్పుడు స్పీడు పెంచి ఆయిల్‌ని వెనక్కి తెచ్చే ప్రోగ్రాం కంట్రోలర్‌లో ఉందో లేదో చూడండి.

రెండో కొసన ప్రెషర్ డ్రాప్ ఉంది. ట్యాంకులో పోయే ప్రెషర్ అర డిగ్రీ సాచురేషన్ టెంపరేచర్‌కి (ఆ ప్రెషర్ దగ్గర గ్యాస్ మరిగే ఉష్ణోగ్రతకి) మించకపోతే బాగుంటుంది. ఆర్-410ఏ 0 డిగ్రీల దగ్గర ఉంటే అది సుమారు 0.13 బార్. ఆర్-134ఏ మైనస్ 10 దగ్గర అయితే 0.04 బార్ మాత్రమే. తక్కువ ప్రెషర్‌లో నడిచే సిస్టమ్‌లో చిన్న అడ్డంకి కూడా కెపాసిటీని లాగేస్తుందని దీన్నిబట్టి తెలుస్తుంది. అన్నీ కుదిరి రెండు సైజుల మధ్య ఊగిసలాడుతుంటే, ముందు ఆయిల్ తిరిగొచ్చే కనిష్ఠ హద్దు కన్నా మీ యంత్రం ఎప్పుడూ పైనే ఉండేదాన్ని చూడండి, అలాంటివాటిలో ఎక్కువ పట్టేదాన్ని తీసుకోండి. పైపు సైజు కలవకపోతే రెడ్యూసర్ ఉంది, దానికోసం ట్యాంకు సైజు మార్చొద్దు.

వర్కింగ్ ప్రెషర్ కూడా చూడాలి. లో సైడ్‌లో ఉండేదే కదా అని తేలిగ్గా తీసుకోకూడదు. యంత్రం ఆగి ఎండలో ఉన్నప్పుడు రెండు వైపులా ప్రెషర్ సమానమవుతుంది. 50 డిగ్రీల దగ్గర ఆర్-134ఏ సుమారు 13 బార్, ఆర్-410ఏ, ఆర్-32 అయితే 30 బార్ దాటతాయి. పాత ఆర్-22 ట్యాంకుని ఆర్-410ఏకి వాడటం ప్రమాదం. కార్బన్ డయాక్సైడ్‌కి దానికోసమే చేసిన ట్యాంకు తప్ప మరొకటి వద్దు.

బిగించడం, చూసుకోవడం

చోటు విషయంలో తిరుగులేదు: రివర్సింగ్ వాల్వ్ తర్వాత, కంప్రెసర్‌కి వీలైనంత దగ్గరగా, నిలువు ట్యాంకు అయితే నిట్టనిలువుగా. ఇన్, అవుట్ గుర్తులు తారుమారు కాకూడదు. బయటి నుంచి రెండు కనెక్షన్లూ ఒకేలా ఉంటాయి కాబట్టి బ్రేజింగ్ ముందు ఇంకోసారి చూడండి. బ్రేజింగ్ చేస్తున్నంతసేపు లోపల నైట్రోజన్ పారుతూ ఉండాలి. లేకపోతే రాగి లోపల నల్లటి పొరలు లేచి, సరిగ్గా ఆ చిన్న రంధ్రం దగ్గరికే పోయి కూర్చుంటాయి. కొన్ని ట్యాంకుల్లో వేడికి కరిగే సేఫ్టీ ప్లగ్ ఉంటుంది, దాన్ని తడిగుడ్డతో కాపాడాలి. స్టీల్ షెల్ చెమర్చి తుప్పు పడుతుంది కాబట్టి పెయింట్ గీరుకుపోయిన చోట మళ్లీ వేసి, ఇన్సులేషన్ సందుల్లేకుండా చుట్టండి. కంప్రెసర్ కాలిపోయి మార్చినప్పుడు పాత అక్యుములేటర్‌ని కడిగి వాడదాం అనుకోవద్దు. అడుగున చేరిన ఆసిడ్, మడ్డి పూర్తిగా పోవు, కొత్త కంప్రెసర్‌కి మొదటిరోజు నుంచే విషమవుతాయి.

బిగించాక ఇన్సులేషన్ చుట్టేముందు ఒక డీఫ్రాస్ట్ అయ్యేదాకా అక్కడే నిలబడి చూడండి. షెల్ మీద చెమట లేదా మంచు ఒక గీతలా కనిపిస్తుంది, లోపల లిక్విడ్ మట్టం దాదాపు అక్కడే ఉంటుంది. డీఫ్రాస్ట్ తర్వాత గీత పైకి లేచి, కాసేపట్లో మెల్లగా దిగిపోతే ట్యాంకు తన పని తాను చేస్తోంది. గీత ఎప్పుడూ పైనే ఉండిపోతే నిరంతరం ఫ్లడ్‌బ్యాక్ ఉంది: చార్జ్ ఎక్కువైందా, ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌కి ఉష్ణోగ్రత తెలిపే బల్బ్ పైపుకి సరిగ్గా పట్టుకుందా, ఎవాపరేటర్ ఫ్యాన్ తిరుగుతోందా, కాయిల్ మంచుతో మూసుకుపోయిందా అని చూడాలి. ఆ తప్పు సరిచేయకుండా ఇంకా పెద్ద ట్యాంకు పెట్టడం వల్ల కంప్రెసర్ పోయే రోజు కాస్త వెనక్కి జరుగుతుంది, అంతే.

కంప్రెసర్ అడుగున కూడా థర్మామీటర్ పెట్టండి. అక్కడి ఉష్ణోగ్రత సక్షన్ సాచురేషన్ టెంపరేచర్ కన్నా కనీసం 10 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. అంతకన్నా దగ్గరగా ఎప్పుడూ ఉంటే లిక్విడ్ ఆయిల్‌లో చేరుతోంది. సైట్ గ్లాస్ ఉన్న కంప్రెసర్‌లో ఆయిల్ మట్టం రోజురోజుకీ తగ్గుతుంటే, ఆయిల్ పోసే ముందు ట్యాంకు అడుగు రంధ్రాన్ని, కనిష్ఠ స్పీడుని అనుమానించండి. పోసిన ఆయిల్ కూడా ట్యాంకులోకే చేరి, ఒక రోజు అంతా కలిసి ముద్దలా తిరిగొస్తుంది. దీర్ఘకాలం ఆగి ఉన్న యూనిట్‌ని స్టార్ట్ చేసేముందు క్రాంక్‌కేస్ హీటర్‌ని 12 నుంచి 24 గంటల పాటు ఆన్‌లో ఉంచండి, ఎంత మంచి అక్యుములేటర్ ఉన్నా సరే.